పద్దు

రెండు వేల మూడు వందల నలభై.
నా నోటుబుక్కులో గుణశేఖర్ పేరు కింద ఉండే బాకీ అది.
రేణిగుంట స్టేషన్ బయట, నా బండి కాడ
ఆర్నెల్లు తిన్న ఇడ్లీ, కారందోసె, ఊరిబిండి.

"దుడ్డు లేదక్కా" అన్నాడు,
"బాకీ కింద ఒక పూట భోజనం పెడతా."
కరకంబాడి రోడ్డులో వంట నేర్పే కాలేజీ వాళ్లది.
ఆ రాత్రి పరీక్ష. ఫ్రెంచి భోజనం.
పిల్లోడికొక అతిథి.
వచ్చినకాడికి రాబట్టుకుందామని పోయినా,
పెళ్లిళ్లకు కట్టే ఆకుపచ్చ చీర కట్టుకోని.

తెల్లగుడ్డ పరిచిన బల్ల.
ఎడమ పక్క మూడు ముళ్ల చెంచాలు,
కుడి పక్క మూడు కత్తులు,
ఎవరితోనో కొట్లాటకు పిలిచినట్టు.
అట్ట ఒకటి చేతికిచ్చినారు. ఏడు రకాలు రాసుండాయి.
ఒక్కదానికీ ధర లేదు.

మొదట వచ్చింది ఉగ్గుగిన్నెడు కూడా లేదు,
పళ్లెం మాత్రం నా దోసె పెనమంత.
మింగినాక తెలిసింది అది అయిపోయిందని.

తర్వాత ఎర్రగడ్డల సూప్.
రోజుకు పది కిలోలు తరుగుతా నేను.
ఎర్రగడ్డ ఏడిపించేది ఎరుగుదును,
పెనం మీద చిటపటలాడేది ఎరుగుదును.
పాతబెల్లం రంగుకు దిగి, ఇంత తియ్యగా,
ఎవరినీ తొందరపెట్టకుండా ఉండేది
ఎరగను.
"రెండు గంటలు కలబెట్టినానక్కా, సన్నమంట మీద."
పరీక్ష పెట్టే సారు చూడకుండా
చెవిలో చెప్పి పోయినాడు.
రెండు గంటలు!
నా కాడ నిలబడేవాళ్ల రైలుకు
ఎప్పుడూ నాలుగు నిమిషాలే ఉంటాది.

చేప వచ్చింది, ముల్లు లేకుండా, కారం లేకుండా,
వెన్నలో తల దాచుకోని.
అబద్ధమెందుకు, నచ్చలేదు.
ఒక్క పచ్చిమిరపకాయ కోసం
నాలుక దిక్కులు చూసింది.
చీజు ముక్కకు తడారని గుడ్డ వాసన.
పక్కబల్ల పెద్దాయన కళ్లు మూసుకోని తిన్నాడు.
ఎవరి ఊరగాయ వాళ్లది.

తీపికి ముందర వాడే వచ్చినాడు,
వంపు తిరిగిన సన్నటి స్టీలు రేకు పట్టుకోని.
నేను రాల్చిన రొట్టెపొడి
ఒక్కో పలుకూ గీసి గీసి
చిన్న పళ్లెంలోకి తీస్తా ఉండాడు.
నేను లేవబోయినా.
"కూర్చోక్కా."

ఇరవై రెండేళ్లు ఎంగిలి ప్లేట్లు తీసిన చేతులు
ఒడిలో ఏం చేయాలో తెలీక
ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

ఆనక నిమ్మకాయతో చేసిన తీపి ఏదో వచ్చింది.
శానా బాగుండిందని అందరూ అన్నారు.
నాకు గుర్తు లేదు.

తెల్లారి ఐదుకు బండి కాడ నోటుబుక్కు తీసినా.
కొట్టేద్దామంటే ఎంత కొట్టేయాల?
అంతా కొట్టేస్తే సూప్‌కు తక్కువ, చేపకు ఎక్కువ.
ఆ రేకుతో గీసినదానికి
ఏ రేటు వేయాలో ఇంకా తెలీదు.

వాడొచ్చినాడు, నిద్రకళ్లతో.
"పాసైనావా?"
"చేపకు మార్కులు పోయినాయక్కా."
"నాకు రాత్రే తెలుసు."

సంచిలోంచి ఆ అట్ట తీసి, దాని అంచుతో
బండి పలక మీది మెతుకులు గీసి పక్కకు నెట్టినా.
రెండు ఇడ్లీ పెట్టినా.
రాసుకున్నా:
రెండు వేల మూడు వందల డెబ్బై.