పదారు పడుగులు

సిరిసిల్లల సాంచలు బందైన ఏడు
మనామాకొచ్చిన.
ఇక్కడ నా మగ్గం జానెడు.
పదారు పడుగులు, పందొమ్మిది పేకలు,
జుఫేర్ క్లబ్బుల మెట్ల కింది అర్ర,
రాకెట్‌కు ఐదు దినార్లు.

పదిహేనేండ్ల పోరి
తువ్వాలల చుట్టి తెచ్చింది తెగిన రాకెట్‌ను,
దెబ్బ తాకిన కోడిపిల్లను తెచ్చినట్టు.
పేరు ఘాలియా.
అరబ్బీల పిరం అని అర్థమట.
నా నోట్లె గాలి అయింది.
మా దిక్కు గాలంటే ఏందో చెప్పినంక
ఆ పేరుకే గట్టిగ పలుకుడు మొదలువెట్టింది.

జులై నెల, పొద్దుగాల నాలుగున్నర,
కోర్టు మీద సముద్రం చెమట.
ముహర్రక్ నుంచి నాయిన దింపుతడు,
అల్యూమినియం కంపెనీల రాత్రి డ్యూటీ చేసొచ్చి
స్టీరింగ్ మీదనే కునుకు తీస్తడు.
బాంగు వినొస్తే బంతి ఆగుతది.
మల్ల మొదలు.
బొచ్చూడిన బంతులు రెండు వందలు
బుట్ట ఖాళీ అయ్యేదాక, నిండేదాక, మల్ల ఖాళీ అయ్యేదాక.

మనుషుల మొకాలు నాకు సరిగ యాదుండయి.
పోగులు యాదుంటయి.
ఎవరు కోపంతోటి కొట్టిన్రో
ఎవరు భయంతోటి కొట్టిన్రో
పోగు దాచదు.

ట్యునీసియా పోయింది. మొదటి రౌండే.
ఈజిప్టు పోయింది. మొదటి రౌండే.
మల్ల ట్యునీసియా. ఆరు-సున్నా, ఆరు-ఒకటి.
వచ్చిన పైసలు హోటల్ రూముకు సాలలె.
మూడు టోర్నీలల్ల పాయింటు దొరికితెగని
లిస్టుల పేరెక్కదట.
"నా పేరు బడి హాజరు పట్టీలనే ఉన్నది భాయ్,
అండ్ల గూడ గైరుహాజరే" అన్నది.

నేనేం మాట్లాడలె.
రాకెట్ లైటు కిందికి పట్టిన.
పోగుల మీద గాటు నడుమల లేదు,
రెండు వేళ్ల మందం పక్కకు, అంచు దిక్కు.
బట్టల పేక జారితే మా సేటు ఎట్ల పట్టేటోడో
అట్ల గోరు పెట్టి చూపిన.
"బంతి నీకన్న ముందొస్తున్నది పిల్లా,
నువ్వు ఆల్శం."
నవ్వింది.
దారాలోనికేం ఎరుక అన్నట్టు నవ్వింది.
సెర్బియా కోచ్ మిలోరాద్
పదిహేను దినాలకు, వీడియో ఆపి ఆపి చూసి,
గదే మాట చెప్పిండట.

ఆ చలికాలం అడుగు ముందట పడ్డది.
ఒక్కటే అడుగు.
దానికి నాలుగు నెలలు, కాలిబొటనేలి గోరు,
పన్నెండో తరగతి లెక్కల పరీక్ష
ఖర్చయినయి.

ఫిబ్రవరిల, మా క్లబ్బులనే, మూడో పాయింటు.
చూసేటోళ్లు పదకొండు మంది,
అండ్ల ఇద్దరు నీళ్ల సీసాలు మోసేటోళ్లు.
నేను అర్రలనే ఉన్న, గోడకు చెవి పెట్టి.
నడుమల తాకిన బంతి చప్పుడే వేరు,
నిండు కుండను గోరుతోటి మీటినట్టు.
టక్కున పోగు తెగింది.
పదకొండో పడుగు అనుకున్న.
ఇంకో రాకెట్ తీసుకున్నది, గెలిచింది.
తెగింది తెచ్చి బల్ల మీద పడేస్తే లెక్కపెట్టిన.
పదోది.
ఒకటి తప్పిన.

తొమ్మిది వందల ఎనభై రెండు.
ఆ నెంబరున్న కాయితాన్ని
నాయిన కారద్దం ఎనక అంటిచ్చిండు.
రంజాన్ నాటికి ఎండకు అంకెలు ఎలిసిపోయినయి.
మంచిదే, అప్పటికే అది పాత నెంబరు.

ఇప్పుడు కంపెనోళ్లు రాకెట్లు పంపుతున్నరు.
సంచిల ఎనిమిది, అన్ని ఒక్క తీరువి.
ఏ ఊర్ల ఆడితే ఆ ఊరి మిషినే బిగిస్తది.
నిన్న దోహా నుంచి వాయిస్ మెసేజ్.
"భాయ్, ఈడ బిగించేటాయనకు
పడుగు యాభై, పేక నలభై ఎనిమిది అని చెప్పిన.
నా మొకం దిక్కు చూసిండు.
పడుగును ఇంగ్లీషుల ఏమంటరు?"

మూడుసార్లు విన్న.
ఆమె మాట ఎనక బంతుల చప్పుడు,
పక్క కోర్టుల ఎవరో ప్రాక్టీసు.
ఎవరో ఏమో గని పాపం,
ఆల్శంగ కొడుతున్నరు.