తొమ్మిది గింజలు

కాకర గింజ మొండిది.
మూతి కొంచెం గిల్లందే మాట వినదని
పక్కింటి ఖైరున్నీసా నెయిల్ కట్టర్ ఇచ్చింది.

బోరబండల ఇయ్యాల నల్లా రాని దినం.
బిందె అడుగున మిగిలిన నీళ్లు
ఒక గిలాసల ఒంపి
తొమ్మిది గింజలు ఏసిన.
ఏడు మునిగినయ్.
రెండు తేలినయ్.
తేలినవి తాలు, తీసి పారేయమన్నది.
చెయ్యి రాలె.

రాత్రి రెండున్నరకు
క్యాబు దిగొచ్చిన నర్సింలు
చీకట్ల అదే గిలాస ఎత్తిండు.
నిద్రల నుంచే "ఆగు" అన్న.
పెదవికి తగిలినదాన్ని ఉమ్మి, లైటేసి,
ఒకటొకటి లెక్కపెట్టి
తొమ్మిదీ ఉన్నయన్నడు, దొంగోని లెక్క.

తెల్లారి చూస్తే అన్నీ అడుగునే.
ఏవి తేలినయో ఇగ ఎవరు చెప్పాలె?

తడిగుడ్డల చుట్టి
బియ్యం డబ్బా ఎనక పెట్టిన.
నాలుగో పొద్దుకు ఆరు పగిలినయ్,
నూకంత తెల్లటి మూతి.

బంగ్ల మీద రంగు డబ్బాలకు మట్టి నింపి
ఆరింటినీ పెట్టిన.
పగలని మూడింటినీ పెట్టిన, ఓ పక్కకు.
ఇంకో రెండు రాత్రులు కావాలేమో వాటికి.

నర్సింలు ఇప్పుడు
నీళ్లు తాగేముందు
గిలాసలకు ఫోను లైటు కొడుతున్నడు.