మోకాలి కింది గాలి

వ్యాసర్పాడి పంపింగ్ స్టేషన్‌లో
ఇవాళ కొత్త ఫ్యాను బిగించారు.
గంటకు పన్నెండుసార్లు గాలి మారుతుందట.
మారని గాలితో పదమూడేళ్లు కాపురం చేసినవాణ్ణి,
తలూపాను.

మొదటి డ్రాయింగులో డక్టు నోరు పైకప్పు దగ్గరుంది.
"అక్కడ బల్లులకే లాభం మేడమ్" అన్నాను.
ఇంజనీరమ్మ కోపం చేసుకోలేదు. పెన్ను నా చేతికిచ్చింది.
ఆ గాలి బరువు.
మెట్ల కింద పిల్లిలా నేలకు కరుచుకుని పడుకుంటుంది.

పెంచలయ్య మామ నిలబడ్డంతసేపూ బాగానే ఉన్నాడు.
పద్నాలుగో నంబరు పానా జారిపడితే
వంగాడు.
"కంపు కొడితే ముక్కు మూసుకో,
కంపు ఆగిపోతే పరిగెత్తు" అని
నాకు నేర్పినవాడే.

నేలకు జానెడు పైన, రెండో పంపు పక్కన
నీలం గీత గీశాను.
అక్కడే ఎందుకంటే
"లాగడం బాగుంటుంది" అన్నాను.

ప్యానెల్ పెట్టెలో చిన్న హీటరు కూడా పెట్టారు.
మద్రాసులో హీటరేంటని యోగానందం ఒకటే నవ్వు.
కార్తీక వానలకి లోపల తీగలు చెమటలు కక్కుతాయిరా,
వాటికీ ఓ వెచ్చటి మూల కావాలి.
మనకంటే ముందే దొరికింది, పోనీ.

స్విచ్ వేశాను.
డక్టు నోటి దగ్గర బీడీకట్ట కాగితం పెడితే
చటుక్కున లాక్కుంది.
యోగానందం చప్పట్లు కొట్టాడు, మోతలో వినబడలేదు.

పానా ఇప్పటికీ జారుతుంది.
వంగను.
కాలితో మెట్లదాకా నెట్టుకుపోతాను.