మా వాకిట్లో స్క్వాడు

ఆయుధపూజ అయిన మూడోనాడు
మా ఆయనకి వీక్లీ ఆఫ్.
బస్సుకి కట్టిన బంతిపూల దండ
సగం వాడి, సగం ఇంకా నవ్వుతా ఉంటే
డిపో నుంచి తెచ్చి తిన్నెమీద పెట్టి
"పారేయబాకండి, ఏదో ఒకటి చేద్దాం" అన్నాడు.

ఏదో ఒకటి అంటే చాలు మా పిల్లోళ్లకి,
అది సంతకం పెట్టిన తెల్లకాగితం.

రెండు సర్విక్కట్టెలు, కొబ్బరినార తాడు,
మట్టివాసన పోని చెనిక్కట్టె రెండు మోపులు,
సంగటి వండీ వండీ ఓటిపోయిన కుండ.
గగన్ సున్నంతో పళ్లు గీశాడు.
ముప్పైరెండూ ఉండాల్సిందేనని మొండికేస్తే
పంతొమ్మిదో పంటికే కుండ అయిపోయింది.
యశ్మిత మసితో మీసం పెట్టింది,
మీసం కింద నా లిప్‌స్టిక్కూ పెట్టింది.
అడిగితే, "రెండూ బాగున్నాయిగా" అంది.

మా అత్త కుప్పమ్మ గడప దాటకుండానే
"చేన్లో నిలబెట్టేదాన్ని వాకిట్లో పెడతారా,
పిట్టలు నవ్వుతాయి" అని గొణిగింది.
గొణుగుతానే ట్రంకుపెట్టె తెరిచి
కొడుకు పాత ఖాకీ చొక్కా తీసిచ్చింది.
జేబుకింద ఇంకు మరక,
ఏ తిరణాల రష్షులోనో పెన్ను కక్కింది.
"బ్యాడ్జీ మాత్రం ఇయ్యను, గవర్నమెంటుది" అన్నాడాయన.
టిక్కెట్ల మిషనుకి బదులు చచ్చిన టీవీ రిమోటు,
మెళ్లో బంతిపూలు.
అన్నీ అయినాక అత్తే వచ్చి
నొసటన ఇంత కుంకుమ అద్దింది.
బోసినొసలుతో ఎట్లా నిలబడతాడు పాపం, అని.

కుడిచేతి కట్టె వంకరది.
ఎంత కిందికి లాగినా పైకే లేచింది.
పుంగనూరు రోడ్డువైపు మొగం పెట్టి
గోడపక్కన పాతేశాం.
కాసేపటికి కాకొకటి వచ్చి
ఎత్తిన చేతిమీదే కూచుంది.
టిక్కెట్టు అడగలేదు.

మర్నాడు సాయంత్రం ఆయన డ్యూటీకి పోయినాడు,
ఆ రాత్రికి నైట్ హాల్టు.
తెల్లారి ఆరున్నరకి పలమనేరంతా మంచు,
కళ్లాపి చల్లే నా చెయ్యే నాకు సరిగా కనబళ్లేదు.
రోడ్డుమీద కీచుమని బ్రేకు.
మా ఇంటిముందు స్టాపు లేదు.
ఎన్ని అర్జీలు పెట్టినా రాలేదు.

డ్రైవరు మొగిలప్ప కేక ఒకటి వినిపించింది:
"స్క్వాడు! స్క్వాడు చెయ్యెత్తినాడు!"
బస్సు లోపల గందరగోళం.
వెనక సీట్లో ఇద్దరు కుర్రోళ్లు
కిటికీలోంచి చూసి జేబులు తడుముకుంటున్నారు.
అప్పుడు తలుపు తెరుచుకుని
మఫ్లరు సర్దుకుంటా, వేబిల్లు పట్టుకుని
గబగబా దిగినాడు మా ఆయన.

తను కట్టిన ముడి, తన చొక్కా,
తన పిల్లోళ్లు గీసిన మొగం.
మంచులో మాత్రం తనకే పై ఆఫీసరు.

"నమస్తే సార్" అని వేబిల్లు చాపినాడు.
చాపి, ఆగినాడు.
పంతొమ్మిది పళ్లూ చూసినాడు.
నా చేతిలో చెంబు జారిపోయింది.
నేను నవ్వలేదని ఇప్పటికీ ఒట్టేసి చెప్తా,
ఆయన నమ్మడు.

ఇద్దరు కుర్రోళ్లకీ టిక్కెట్లు కొట్టి
రైట్ రైట్ అన్నాడంట, గొంతు కొంచెం కీచుగా.

కార్తీకంలో ముసురు పట్టింది, అయిదు రోజులు.
మీసం కారిపోయింది, లిప్‌స్టిక్కు నిలిచింది.
దండ నల్లబడి దారమైంది.
తీసేద్దామని పోతే
ఇంకు మరక మీద జేబులోంచి
నాలుగు చిన్నాకులు.
చెనిక్కట్టెలో మేము ఏరకుండా వదిలేసిన కాయ,
తడికి లేచింది.

అత్త చూసి ఏమీ అనలేదు.
గొడుగొకటి తెచ్చి
ఆ ఎత్తిన చేతికి తగిలించి పోయింది.

ఇప్పుడు మొగిలప్ప మా ఇంటికాడికొస్తే
ఒక హారను కొట్టి స్లో చేస్తాడు.
లోపల మా ఆయన, నాకు తెలుసు,
ఎవరూ చూడకుండా
వేబిల్లు ఒకసారి సరిచూసుకుంటాడు.