ఊ కొట్టేవాళ్ళు

ఆదివారం రాత్రి, లగ్గెరెలో మా వఠారం మిద్దె మీద
నీళ్ళ ట్యాంకుకి వీపానించి కూచుంటుంది కదిరమ్మత్త.
మడకశిర పక్క మనిషి.
పీణ్యలో పదహారేళ్ళుగా కాలర్లు కుట్టీ కుట్టీ
బొటనవేలి గోరు నల్లబడింది.
"ఊ కొట్టేదెవరే ఇయ్యాల?" అంటుంది ముందు.
ఊ కొట్టే మనిషి లేకుంటే ఆమెకి కత లేవదు,
బొక్కెన తాకకుండా బావినీళ్ళు పైకి రానట్టు.

ఈ వారం వంతు నాది.

"అనగనగా మన సీమలో పన్నెండేండ్లు వానల్లేవు."
ఊ.
"బుడ్డలు మట్టిలోనే మాడిపాయ.
రాగుల గాదెలో ఎలకలు గూడా వలసపాయ."
ఊ.
"అప్పుడు ఊరంతా కూడబలుక్కోని
ఒక చెవిటి ముసల్దాన్ని కొండ మీదికి తోలిరి,
మబ్బునడిగి వాన అప్పు తెమ్మని."
ఊ.
"వడ్డీ కడతావా? అనె మబ్బు.
ముసల్దానికి ఇనపడ్లా. ఊ అనె.
ఏటేటా ఇంటికొకర్ని ఇస్తావా?
ఊ అనె.
నేను యాడ కురిస్తే ఆడికి పంపిస్తావా?
ఊ అనె."

కదిరమ్మత్త ఆగి, మా మొహాలన్నీ ఒక చుట్టు చూసింది.
"ఆ మబ్బొచ్చి బెంగుళూరు మీద నిలబడె.
అందుకేనే మనమీడుండేది."

నా వంతని తెలుసు.
నోరు తెరిచాను. ఊ రాలేదు.

"అంతా అబద్ధం!"
ఆరేసిన లంగాల వెనక నుంచి రొళ్ళ నాగవేణి లేచింది.
"మా జేజి చెప్పిన కతలో ముసల్ది చెవిటిది కాదు.
అన్నీ ఇనింది. చెప్పేవాళ్ళని ఆపకూడదని ఊ అనింది.
మబ్బు మాట్లాడినంతసేపూ నోటి తుంపర్లు పడతానే ఉండె గదా,
ఆ తుంపర్లకే సగం చేలు తడిసె."

అమరాపురం వాళ్ళ కతలో ముసలమ్మ వెనక్కే రాలేదంట.
గుడిబండ వాళ్ళ దాంట్లో అసలు ముసలమ్మే లేదు,
ఒక గొర్రెలాయప్ప,
కొండ దిగి వచ్చి కంబళి పిండితే అదే వాగైంది.
ఒకరి మాట మీద ఒకరు.
మధ్యలో ఊరిబిండి గిన్నె బోర్లాపడింది,
దాని మీద ఇంకో తగవు.

మా ఇంట్లో ఈ కతే లేదు.
మా నాయన చిన్నప్పుడు
తోలుబొమ్మలోళ్ళ వెంట ఆముదం దీపం మోసేవాడు.
ఆయన చెప్పిందొకటే గుర్తుంది:
మేకతోలుకి ఉలితో బెజ్జాలు పొడవకపోతే
తెర మీద రాణికి ఒక్క నగా ఉండదు.
ఇంతమంది ఇన్ని చోట్ల పొడుస్తుంటే
కత చిరిగిపోతుందనుకున్నాను ముందు.

"ఉండండే, చెప్పనీండి" అని కదిరమ్మత్త మళ్ళీ ఎత్తుకుంది.
"ముసల్ది కొండ దిగింది..."
తగువులాటలో ఊ కొట్టాలని ఎవ్వరికీ గుర్తులేదు.
నాకూ లేదు.
కత గాల్లో ఒంటికాలి మీద నిలబడింది.

మెట్ల దగ్గర చీకట్లోంచి వచ్చింది:
"హూఁ."

కుని. ఒడిశా పిల్ల.
కింద గదిలో ఆరుగురిలో ఒకతి, వచ్చి నాలుగు నెలలు.
దారం, సూది, టార్గెట్టు,
ఆ పిల్లకొచ్చిన తెలుగంతా అంతే.
ఆరిన చున్నీ కోసం పైకొచ్చి
ఎంతసేపట్నుంచి నిలబడిందో.

"ఏమర్థమాయనే నీకు?" కదిరమ్మత్త అడిగింది.
కుని మబ్బు వైపు చూపించింది,
అదే వేలు తన గుండె మీద పెట్టుకుంది.

ఎవరమూ మాట్లాడలేదు.
తర్వాత నాగవేణి జరిగి,
తన పక్కన చాప మీద చోటిచ్చింది.

సోమవారం. గంటకి ఎనభై కాలర్లు.
సూపర్‌వైజరు వరసల మధ్య తిరుగుతూ అరుస్తున్నాడు:
ఈ పూటకి తొంభై చేస్తారా?
మిషన్ల మోతలో వెనక నుంచి, మెల్లగా, బుద్ధిగా
కుని గొంతు:
"ఊ."
చెవిటి ముసల్దాని ఊనో, తెలివి ముసల్దాని ఊనో
ఆయనకేం తెలుసు!
నవ్వాపుకోలేక నా దారం తెగింది.