రెండేసి గంటలు

నగీనా మంగళవారం వస్తుంది, శుక్రవారం వస్తుంది.
చెప్పులు గడప బయట, గొడుగు కిటికీ చువ్వకి.
పది నుంచి పన్నెండు.
"నువ్వు పోన్నా, నేనుండా గదా" అంటుంది.

మొదటి వారం ఎక్కడికి పోవాలో తెలీలేదు.
మూడేళ్ళుగా నా కాళ్ళకు తెలిసింది
మంచానికీ బాత్రూముకీ మధ్య దూరమే.
గ్రీమ్స్‌పేట మూలదాకా పొయ్యి, టీ చెప్పి, తాగకుండానే
ఇరవై నిమిషాలకు తిరిగొచ్చినా.
తలుపు సగమే తీసి
"ఇంకా గంటా నలభై ఉంది, పో" అని తరిమేసింది.
కుట్టుషాపు షట్టరు సగం దించి
కటింగు బల్ల మీద పడి నిద్రపోయినా.
చెవి మాత్రం నిద్రపోలేదు.

దేశమ్మ ఇరవై రెండేళ్ళు
చిత్తూరు తిరుపతి బస్సులో కండక్టరు.
పూతలపట్టు, నేండ్రగుంట, పనపాకం, ఐతేపల్లి, చంద్రగిరి,
ఆ దారంతా తన నాలుక మీదే ఉండేది.
కూతురి పేరు ఏదో స్టాపులో దిగిపోయింది.
నా పేరు ఆ తర్వాత దిగింది, చెప్పకుండా.
స్టాపులు మాత్రం ఇంకా దిగలేదు.

తెల్లారి నాలుగింటికే లేస్తుంది.
"డ్యూటీకి టైమయింది, సంచి యాడ పెట్నావ్?"
నేను చెప్పేవాణ్ణి:
డ్యూటీ లేదు, రిటైరయినావు, దండలేసినారు, ఇదిగో ఫోటో.
చెప్పినప్పుడల్లా కొత్తగా రిటైరయ్యేది.
చెప్పినప్పుడల్లా కొత్తగా ఏడ్చేది.
ఒకరోజు చెయ్యెత్తినాను.
కొట్టలేదు.
ఎత్తిన చెయ్యి ఎక్కడ దించాలో తెలీక
ఫ్యాను స్విచ్చి వేసినాను.
మార్గశిర మాసం.

ఈ మాట పెద్దాసుపత్రి వెనక గదిలో చెప్పినాను,
మూడో శనివారం, మాలాంటోళ్ళు కూచునే చోట.
ఎవురూ ఛీ అనలేదు.
తల్లిని చూసుకునే చెంగల్రాయులు
తన బిస్కెట్టు విరిచి సగం నా చేతిలో పెట్టినాడు.
అక్కడ వేదాంతం ఉండదు.
బాత్రూం లోపలి గొళ్ళెం పీకెయ్యి.
అద్దానికి దుప్పటి కప్పు, అందులో ఎవరో ఉండారని భయపడతాది.
గ్యాసు రెగ్యులేటరు రాత్రిపూట నీ తలగడ కింద.
నా వంతుకు నేను చెప్పింది ఒకటే,
జాకెట్టు మెడ లోపల ఫోన్ నంబరు కుట్టండి,
పట్టీ వద్దు, పీకేస్తారు, నేరుగా గుడ్డ మీదే, గొలుసుకుట్టు.
తర్వాతి నెల పదకొండు జాకెట్లు వచ్చినాయి,
రెండు చొక్కాలు.

నగీనాకు ఎవరు నేర్పినారో ఏమో,
వచ్చిన రెండో రోజే దేశమ్మ ముందు నిలబడి
"పనపాకం ఒకటి ఇయ్యక్కా" అనింది.
దేశమ్మ వీపు నిటారయింది.
క్యాలెండరు కాగితం చించి చేతిలో పెట్టి
"లోపలికి జరగండి, జరగండి లోపలికి!"
వంటింటి గోడ కొంచెం జరిగినట్టే అనిపించింది.

నాకు ఆ మాట అనేదానికి నెల పట్టింది.
నలభై ఏళ్ళు కాపురం చేసినోణ్ణి
ప్యాసింజరునయ్యేది ఎట్లా?

నిన్న రాత్రి మాత్ర మింగదు, వాకిలి వదలదు.
వంద కాగితం చాపి "చంద్రగిరి ఒకటి" అన్నాను.
నా మొహంలోకి చూసింది.
"నువ్వెవురప్పా" అని రోజూ చూసే చూపు కాదు,
పొద్దున్నే మొదటి ట్రిప్పులో
వంద నోటు చాపేవాణ్ణి చూసే చూపు.
విసుక్కుంది.
ఎన్నాళ్ళయింది, నా మీద ఎవరైనా హక్కుగా విసుక్కుని!

టికెట్టు చించింది, తన కాలం నాటి రేటే.
కాగితం వెనక పెన్నుతో, వణక్కుండా,
ఎనభై రెండు అని రాసి, చుట్టూ సున్నా చుట్టి
"దిగేటప్పుడు అడుగు" అనింది.
మాత్ర మింగింది.

దాన్ని కొలతల పుస్తకంలో పెట్టుకున్నాను.
రేపు శుక్రవారం.
నగీనాకు ఎంత చిల్లర బాకీ ఉందో
కనుక్కోవాల.