గోనె చెయ్యి

గుణుపురం దగ్గర వంశధార ఎండిన మేర
ఇసక మీద, ఆదివారం పొద్దున్న ఆరింటికి
నేను నా ఎడం చెయ్యి తొడుక్కుంటాను.
లోపల తోలు, పైన జనపనార,
మధ్యలో పోయిన వారం చెమట.
బంధువులకి చెప్పుకోడానికి సిగ్గేసే పని:
కుక్కల చేత కరిపించుకుంటాను.
పూటకి నాలుగొందలు. టీ, ఇడ్లీ బెహెరా గారివి.

ఆయన పటాలంలో కుక్కల్ని తీర్చి రిటైరైన మనిషి.
నోటుబుక్కులో జాతికో పేజీ రాసుకున్నారు.
నాకు నోటుబుక్కు లేదు, భుజం ఉంది.

మాలినోయ్ విజిల్ కంటే ముందొస్తుంది,
వడిసెల్లోంచి వదిలిన రాయి.
గాల్లోనే అందుకుని పక్కకి తిప్పి దింపాలి,
ఎదురు నిలిస్తే దాని మెడకే చేటు.
రాట్‌వైలర్ పరుగెత్తదు, బయల్దేరుతుంది.
తగిలాక, లారీ మీంచి ధాన్యం బస్తా జారినట్టే.
అరవదు. పట్టుకుని ఊరుకుంటుంది,
అప్పు వసూలుకొచ్చి అరుగు మీద కూర్చున్నవాడిలా.
డాబర్‌మన్‌ది ముందరి పళ్ళ పని,
కొరికి, వదిలి, మళ్ళీ కొరికి,
రేకుల మీద వడగళ్ళు.
జర్మన్ షెపర్డ్ మాత్రం దగ్గరికొచ్చి
ఒక్క రెప్పపాటు నా మొహం చదువుతుంది.
ఆ రెప్పపాటే నాకు భయం.

ఏది గొప్పదని అడుగుతారు
రాయగడ నుంచి కార్లలో కొనడానికొచ్చినవాళ్ళు.
బెహెరా గారు తాత ముత్తాతల కాగితాలు చూపిస్తారు,
తుంటి ఎముక ఎక్స్‌రే ఎండకి ఎత్తి పట్టుకుంటారు.
నన్నెవరూ అడగరు. అడిగితే ఇంతే చెబుదును:
దడిసింది కొసపళ్ళతో కొరుకుతుంది,
నమ్మకమున్నది దవడ నిండా పడుతుంది.

నా అసలు పని ఓడిపోవడం.
కర్ర ఎత్తాలి, కేకెయ్యాలి, మీదమీదకెళ్ళాలి,
సరిగ్గా అది బెదరబోయే ముందు
నేనే బెదరాలి.
కాస్త ముందైతే దానికి ఆట.
కాస్త ఆలస్యమైతే ఆ కుక్క ఇంక జన్మలో నిలబడదు.
గెలిచానని అది నమ్మాక చెయ్యి జార్చేస్తాను.
నా చేతిని నోట కరుచుకుని, తోకెత్తి,
ఇసకంతా ఊరేగుతుంది.
నేను ఒంటిచేతివాడిలా చూస్తూ నిలబడతాను.

ఝుంపా అలా కాదు.
పాఢీ బాబు రైసుమిల్లు తాలూకు షెపర్డ్, పద్నాలుగు నెలలది,
కొరడా చప్పుడుకే కారు కిందకి దూరేది.
"అమ్మేయండి బాబూ, గుమ్మం ముందు బొమ్మకి పనికొస్తుంది"
అన్నారు బెహెరా గారు.
సాయంత్రాలు నేనే వెళ్ళేవాణ్ణి, కూలి లేకుండా.
గోనె పీలిక చుట్టి, దాని ముందు కుందేలులా పరుగెత్తి,
బోర్లా పడి, లేచి, మళ్ళీ పడి.
ఇరవై రెండు సాయంత్రాలు.
మిల్లు గుమస్తా నాకు పిచ్చనుకున్నాడు.

శివరాత్రి వెళ్ళిన ఆదివారం అది పట్టింది.
వెనకపళ్ళ దాకా.
పట్టి, ఇంక వదల్లేదు.
"ఆస్!" అన్నారు బెహెరా గారు, జర్మనీ మాట.
"ఛాడ, ఛాడ!" అన్నాడు పాఢీ బాబు.
నా నోట మా అమ్మ దూడతో అనే మాటొచ్చింది:
"ఒగ్గెయ్యే తల్లీ."
మూడు భాషలూ దాని చెవి బయటే ఉండిపోయాయి.
కంట్లో తెలుపు. ఒళ్ళంతా వణుకు.
వదిలితే ఏమవుతుందో దానికి తెలీదు,
ఇంతకు ముందెన్నడూ పట్టుకుని ఉంటే కదా.

అప్పుడు నేను ఆగిపోయాను.
మోడులా. ఊపిరి కూడా లెక్కగా.
నౌపడా బండి అవతల గట్టు మీద
పెట్టె వెనక పెట్టె వెళ్ళిపోయింది.
తుప్పు పట్టిన గడియలా
ఒక్కో గీతే, దవడ తెరుచుకుంది.
కూర్చుంది. నా మొహం చదివింది.

బెహెరా గారు ఏదో రాసుకున్నారు.
"ఏటి రాసారు బాబూ?" అంటే బుక్కు మూసేసారు.

ఇంటికెళ్ళి చొక్కా విప్పితే మోచేతి కింద
నాలుగు నల్లటి చుక్కలు. వేళ్ళు మడతపడ్డం లేదు.
పసుపు నూరుతూ మా నీలవేణి అడిగింది, ఏ కుక్కని.
ఝుంపా అన్నాను.
పొత్రం ఆపేసింది.
"అదేటి!" అంది, కళ్ళింతలు చేసుకుని,
"కరిసిందేటి!"